తొమ్మిదో గ్రేడ్‌లోనే కాలేజీ టెన్షన్ పడాలా?

ప్రశ్న: మేము డాలస్ దగ్గర ఉంటాం. ఇద్దరం ఐటీ ఉద్యోగులం. మా అబ్బాయి ఇక్కడే పుట్టాడు. ఇప్పుడు నైన్త్ గ్రేడ్ పూర్తి కావస్తోంది, 2029లో హైస్కూల్ అయిపోతుంది. క్లాసులో పైనుంచి సుమారు పన్నెండు శాతంలో ఉన్నాడని కౌన్సెలర్ చెప్పారు. మావారు మాత్రం కంప్యూటర్ సైన్స్, అదీ యూటీ ఆస్టిన్‌లోనే అంటారు. తెలిసినవాళ్లు చెబితే ఒక కన్సల్టెంట్‌ని కలిశాం. 'ఇప్పటికే లేటయింది' అంటూ నాలుగేళ్ల ప్యాకేజీకి వేల డాలర్లు చెప్పారు. వెయిట్ (ర్యాంకు లెక్కలో అదనపు పాయింట్లు) లేని క్లాసు కాబట్టి ఆర్కెస్ట్రా మానిపించమన్నారు. వాడికేమో వయొలిన్ ఇష్టం. ఆదివారాలు గుడిలో మైకులూ స్పీకర్లూ సర్దుతూ గడిపేస్తాడు తప్ప చెప్పుకోదగ్గ యాక్టివిటీలు లేవు. కాలేజీ ఖర్చులకి శంషాబాద్ దగ్గరున్న ప్లాటు అమ్మాలనుకుంటున్నాం. ఈ వేసవికి ఇండియా టికెట్లు కొన్నాం. అవి క్యాన్సిల్ చేసి ఏదైనా సమ్మర్ ప్రోగ్రాంలో వేయాలా? రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు.

సమాధానం:

ముందు ఆ 'లేటయింది' అన్న మాట బుర్రలోంచి తీసేయండమ్మా. తొమ్మిదో గ్రేడ్ పిల్లాడి తల్లికి ఆ మాట చెప్పేవాళ్లు ఆరో గ్రేడ్ పిల్లాడి తల్లికీ అదే చెబుతారు. వాళ్ల వ్యాపారం నడిచేదే దాని మీద.

అలాగని ఇప్పుడేమీ చేయక్కర్లేదని నేను అనను. ఈ కాలేజీ వ్యవహారంలో కొన్ని పనులకు తేదీ దాటితే ఇక మందు లేదు. అవి లెక్కపెడితే నాలుగైదుకు మించవు. మిగతావన్నీ పదకొండో గ్రేడ్ చివర్లోనో, పన్నెండో గ్రేడ్ మొదట్లోనో తీరిగ్గా చేసుకోవచ్చు. ఆ నాలుగైదూ పట్టుకుని, మిగతావాటి ఊసు ఇప్పుడు ఇంట్లో ఎత్తకుండా ఉంటే చాలు. మీరు రాసినవాటిలో ఏవి ఎందులోకి వస్తాయో చూద్దాం.

అన్నిటికంటే ముందు ర్యాంకు. టెక్సాస్‌లో ఉన్నవాళ్లకి ఇది చాలా ముఖ్యం. 1997లో ఈ రాష్ట్రం ఒక చట్టం చేసింది. హైస్కూల్లో పై పదిశాతంలో ఉన్న పిల్లలకి రాష్ట్ర ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఆటోమేటిక్ అడ్మిషన్ ఇవ్వాలని. ఆస్టిన్‌కి తాకిడి మరీ ఎక్కువైపోవడంతో 2009లో దానికొక్కదానికే మినహాయింపు ఇచ్చారు. టెక్సాస్ పిల్లల సీట్లలో 75 శాతం ఈ దారిలో నింపితే చాలు, మిగతా సీట్లు పూర్తి అప్లికేషన్ చూసి ఇవ్వొచ్చు. అందుకని ఆస్టిన్ గీత చాలాకాలం ఆరు శాతం దగ్గర ఉండి, 2026 ఫాల్‌లో చేరేవాళ్లతో ఐదు శాతానికి వచ్చింది. టెక్సాస్ ఏ అండ్ ఎం, మీకు దగ్గర్లో రిచర్డ్‌సన్‌లో ఉన్న యూటీ డాలస్, యూనివర్సిటీ ఆఫ్ హ్యూస్టన్, వీటన్నిటికీ గీత పదిశాతం దగ్గరే ఉంది.

మీ స్కూల్లో గ్రేడ్‌కి ఐదారు వందల మంది ఉంటారనుకుందాం. ఐదు శాతం అంటే పాతిక, ముప్పై మంది. మీవాడు ఇప్పుడు అరవైకీ డెబ్బైకీ మధ్య ఎక్కడో ఉన్నాడు. ఐదులోకి రావడం అసాధ్యం అనను గానీ, దాని మీద ఇల్లంతా ఆశ పెట్టుకోవడం తెలివైన పని కాదు. పదిలోకి రావడం మాత్రం చేతికందే దూరంలో ఉంది. ఆ రెండు శాతం దాటితే చాలా మంచి ప్రభుత్వ యూనివర్సిటీల్లో సీటు చేతిలో ఉన్నట్టే. మీవారికి ఈ మాట కొంచెం నెమ్మదిగా చెప్పండి. ఇంకో సంగతి కూడా చెప్పండి: ఆస్టిన్‌లో ఆటోమేటిక్ అడ్మిషన్ వచ్చినా అది యూనివర్సిటీకే, కోరుకున్న మేజర్‌కి, అంటే ప్రధాన సబ్జెక్టుకి, కాదు. ఐదు శాతంలో ఉన్న పిల్లలకి కూడా అక్కడ కంప్యూటర్ సైన్స్ రాకుండా పోతుంటుంది. ఏ అండ్ ఎంలో ఇంకో పద్ధతి. అక్కడ ఇంజినీరింగ్‌లో చేరినవాళ్లు సాధారణంగా మొదట జనరల్ ఇంజినీరింగే, మొదటి ఏడాది మార్కుల్ని బట్టి బ్రాంచి.

ఇక ఆర్కెస్ట్రా. కన్సల్టెంట్ మాట పైకి సబబుగానే ఉంటుంది. కాగితం మీద లెక్క వేస్తే కథ మారిపోతుంది. డాలస్ చుట్టుపక్కల కొన్ని స్కూల్ డిస్ట్రిక్టుల్లో జీపీఏ కట్టే తీరు ఇదీ: నూటికి నూరు వస్తే ఏపీ (కాలేజీ స్థాయి) క్లాసుకి 6 పాయింట్లు, అడ్వాన్స్‌డ్ క్లాసుకి 5.5, మామూలు క్లాసుకి 5. అక్కడినుంచి మార్కు తగ్గేకొద్దీ 0.1 చొప్పున కోత. ఇప్పుడు చూడండి. ఇష్టంగా వయొలిన్ వాయించే పిల్లాడికి ఆర్కెస్ట్రాలో 99 రావడం కష్టమేమీ కాదు, అంటే 4.9. అది మానిపించి ఇష్టం లేని అడ్వాన్స్‌డ్ క్లాసు ఒకటి పెడితే, అందులో 92 వచ్చిందనుకోండి, 4.7. జీపీఏ పెరక్కపోగా తగ్గింది. ఏపీ క్లాసులో 90 వస్తే 5. ఆర్కెస్ట్రాలో 99కీ దానికీ ఉన్న తేడా ఎంత? పదోవంతు పాయింటు. దాన్ని ఏడు క్లాసులకి పంచితే మిగిలేది ఇంకేముంది?

మరి ర్యాంకు ఎక్కడ పోతోంది? సాధారణంగా ఏదో ఒక మెయిన్ సబ్జెక్టులో. 88 దగ్గర ఆగిపోయిన బయాలజీనో, వరల్డ్ జాగ్రఫీనో పోర్టల్‌లో చూడండి. దాన్ని 95కి తెస్తే 0.7 పాయింట్లు వస్తాయి. ఆర్కెస్ట్రా మానేస్తే అందులో సగం కూడా రాదు. కొన్ని డిస్ట్రిక్టులైతే ఫైన్ ఆర్ట్స్ క్లాసుల్ని ర్యాంకు లెక్కలోంచి తీసేసే వెసులుబాటు ఇస్తాయి. మీ డిస్ట్రిక్టు లెక్క నేను చెప్పినట్టే ఉండాలని లేదు. ఆ సంగతి కోర్సు హ్యాండ్‌బుక్‌లో ఉంటుంది. వేల డాలర్లు తీసుకునే మనిషి మీకు ఆ పేజీ తెరిచి చూపించకుండా 'మానిపించండి' అన్నారంటే, నాకైతే నమ్మకం కలగడం లేదు.

ర్యాంకు గురించి ఇంత రాయడానికి కారణం, తొమ్మిదో గ్రేడ్ మార్కులు కూడా అందులో కలుస్తాయి కాబట్టి. కాలిఫోర్నియాలో ఉన్న మీ చుట్టాలు 'నైన్త్ మార్కులు ఎవరూ చూడరు' అని ఉంటారు. అక్కడి యూసీలు, అంటే యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లు, జీపీఏ లెక్కకి పది, పదకొండు గ్రేడ్ల మార్కులే తీసుకునే మాట నిజమే. టెక్సాస్‌లో ఆ మాట నమ్ముకుని కూర్చోకండి. పదకొండో గ్రేడ్ చివరికి ఉన్న ర్యాంకుతోనే అప్లై చేస్తారు. అంటే మీవాడికి ఇంకా రెండేళ్లు ఉన్నాయి, మూడు కాదు.

రెండో పని లెక్కల క్లాసుల వరస. ఇది దాటిపోతే మళ్లీ పట్టుకోవడం కష్టం. తొమ్మిదిలో జామెట్రీ చేస్తున్నాడంటే పదిలో ఆల్జీబ్రా టూ, పదకొండులో ప్రీకాల్‌క్యులస్, పన్నెండులో కాల్‌క్యులస్‌కి వస్తాడు. బెంగ లేదు. ఇప్పుడు ఆల్జీబ్రా వన్‌లో ఉంటే మాత్రం ఒక క్లాసు ఎక్కడో ఒక వేసవిలో పూర్తి చేయాల్సి ఉంటుంది. ఇంజినీరింగ్‌కైనా, కంప్యూటర్ సైన్స్‌కైనా కాలేజీకి వెళ్లేనాటికి కాల్‌క్యులస్‌కి సిద్ధంగా ఉండకపోతే మొదటి సెమిస్టర్‌లోనే వెనకబడతాడు. అలాగే పదిశాతం దారిలో వెళ్లాలంటే టెక్సాస్‌లో 'డిస్టింగ్విష్డ్ లెవెల్ ఆఫ్ అచీవ్‌మెంట్' అనే డిప్లొమా మెట్టు ఉండాలి. నాలుగు మ్యాథ్ క్రెడిట్లు, అందులో ఆల్జీబ్రా టూ, నాలుగు సైన్స్ క్రెడిట్లు, ఒక ఎండార్స్‌మెంట్, అంటే ఎంచుకున్న ఒక రంగానికి చెందిన కోర్సుల వరస. మీలాంటి ఏరియాల్లో చాలామంది పిల్లలు తెలియకుండానే ఆ దారిలో ఉంటారు. అయినా కౌన్సెలర్‌ని ఒకసారి అడగండి.

ఇంకొక చిన్న కిటుకు. టెక్సాస్‌లో ఇంగ్లిష్ కాకుండా మరో భాషలో రెండు క్రెడిట్లు కావాలి. మీవాడికి తెలుగు చదవడం, రాయడం కూడా వస్తే, పరీక్ష రాయించి ఆ క్రెడిట్లు ఇచ్చే డిస్ట్రిక్టులు ఉన్నాయి. మీది అందులో ఉంటే స్పానిష్‌కి పోయే పీరియడ్ మిగులుతుంది. ఆర్కెస్ట్రా మానిపించాలన్న గొడవ అక్కడే తీరిపోతుంది.

పరీక్షల విషయం తేలిక. పదకొండో గ్రేడ్ అక్టోబర్‌లో, అంటే మీవాడికి 2027లో, పీశాట్ (కాలేజీ ప్రవేశ పరీక్ష శాట్‌కి ముందు రాసేది) ఉంటుంది. నేషనల్ మెరిట్ అనే దేశవ్యాప్త స్కాలర్‌షిప్ పోటీకి ఆ ఒక్కసారి వచ్చిన స్కోరే లెక్క. పదో గ్రేడ్‌లో రాసేది ప్రాక్టీసు. యూటీ డాలస్ నేషనల్ మెరిట్ పిల్లలకి పెద్ద స్కాలర్‌షిప్ ఇస్తుంది కాబట్టి, మీకు దీని విలువ మిగతావాళ్లకంటే ఎక్కువే. శాట్ పదకొండో గ్రేడ్ స్ప్రింగ్‌లో రాస్తే సరిపోతుంది. కోవిడ్ తర్వాత వదిలేసిన చాలా కాలేజీలు మళ్లీ అడుగుతున్నాయి, ఆస్టిన్ కూడా 2025 ఫాల్ అడ్మిషన్ల నుంచి తప్పనిసరి చేసింది. ఇప్పటి శాట్ కంప్యూటర్ మీద రెండుంబావు గంటల లోపు పరీక్ష. కాలేజ్ బోర్డ్, ఖాన్ అకాడమీ కలిసి పెట్టిన ప్రాక్టీసు ఉచితంగానే దొరుకుతుంది. తొమ్మిదో గ్రేడ్‌లో శాట్ కోచింగ్‌కి శనివారాలు ధారపోయడం నాకు బొత్తిగా నచ్చదు. ఆ శనివారం వాడు నవలో, పేపరో చదువుకుంటే ఇంగ్లిష్ సెక్షన్‌కి అంతకంటే ఎక్కువ పనికొస్తుంది.

ఇప్పుడు మీరు తేలిగ్గా ఒక వాక్యంలో తేల్చేసిన విషయానికి వద్దాం: గుడిలో మైకులు. దాని గురించి ఇంకొంచెం రాసి ఉంటే బాగుండేది. మీవారు ఏమంటున్నారో రాశారు, కన్సల్టెంట్ ఏమన్నారో రాశారు. అబ్బాయి గురించి ఉన్నవి వయొలిన్, మైకులు, ఈ రెండు ముక్కలే. రెండూ శబ్దానికి సంబంధించినవే కావడం మీరు గమనించారో లేదో!

చాలా కాలేజీలకి ఉమ్మడిగా పెట్టే అప్లికేషన్ కామన్ యాప్‌లో యాక్టివిటీలకి పది గళ్లు ఉంటాయి. ఒక్కో గడిలో వివరణకి 150 అక్షరాలే, ఖాళీలతో కలిపి. పదీ నింపి తీరాలని ఎక్కడా లేదు. ఇప్పుడు 'టెంపుల్ వాలంటీర్, ఆడియో' అని రాస్తే చదివేవాళ్లకి ఏమీ తెలియదు. రెండేళ్ల తర్వాత అదే గడిలో వాడు, 'ప్రతి ఆదివారం గుడి సౌండ్ సిస్టం నాదే. హాల్లో కూత రాకుండా స్పీకర్ల చోటు మార్చాను. మిక్సర్ వాడటం ఇద్దరు పిల్లలకి నేర్పాను' అని రాయగలిగితే, ఆ పిల్లాడు కళ్లకు కడతాడు. పూజారిగారు మైకు పట్టుకుని స్పీకర్ ముందుకి రాగానే కీచుమని ఎందుకు అరుస్తుంది, మిక్సర్‌లో ఏ నాబ్ తిప్పితే ఆగుతుంది, ఇది వాడికి ఇప్పటికే తెలిసి ఉంటుంది. ఎందుకలా అవుతుందో ఫిజిక్స్ టీచర్‌ని అడిగే రోజు దానంతట అదే వస్తుంది. ఆ దారి కంప్యూటర్ సైన్స్‌కే వెళ్లొచ్చు, ఎలక్ట్రికల్‌కి వెళ్లొచ్చు, మనం ఊహించని ఇంకోదానికి వెళ్లొచ్చు.

ఒక్క బతిమాలుకోలు. ఇది చదివి వెంటనే ఆ మైకుల పనికి ఒక పేరు పెట్టి, లోగో గీయించి, వెబ్‌సైట్ తెరిచి, పిల్లాడిని 'ఫౌండర్'ని చేయకండి. మనవాళ్లలో ఈ జబ్బు బాగా ముదిరింది. అడ్మిషన్ ఆఫీసుల్లో కూర్చునేవాళ్లు అలాంటి ఫౌండర్లని బస్తాలకొద్దీ చూసి ఉంటారు. వాడి ఆదివారాన్ని వాడికి వదిలేయండి. మీరు చేయాల్సిందల్లా ఇంట్లో ఒక నోట్‌బుక్ పెట్టి, ఏ ఏడాది ఏం చేశాడో, వారానికి సుమారు ఎన్ని గంటలో, రెండు మూడు నెలలకోసారి వాడి చేతే నాలుగు ముక్కలు రాయించడం. అప్లికేషన్‌లో ఆ గంటలు అడుగుతారు. మూడేళ్ల తర్వాత ఎవరికీ గుర్తుండవు.

డబ్బు సంగతికి వస్తే, మీ ప్రశ్నల్లో అసలు తేదీ ఉన్నది దీనికే. ఆ ఊసు కన్సల్టెంట్ ఎత్తలేదు కాబోలు. ఫెడరల్ ఎయిడ్‌కి పెట్టే ఫాఫ్సా ఫారం పన్నెండో గ్రేడ్‌లో నింపుతారు గానీ, అందులో చూసే ఆదాయం అంతకు ముందుది. 2029 ఫాల్‌లో చేరే పిల్లాడికి 2027 ట్యాక్స్ రిటర్న్ చూస్తారు. అంటే పదో గ్రేడ్ సగం నుంచి పదకొండో గ్రేడ్ సగం దాకా మీరు సంపాదించింది. ఆ ఏడాదిలో ప్లాటు అమ్మితే, ఇండియాలో వచ్చిన లాభమైనా ఇక్కడ ఆదాయంగా చూపాల్సిందే, కాబట్టి జీతం మీద అది కూడా కలిసి కనపడుతుంది. ఆ తర్వాతి ఏళ్ల ఫారాలకీ ఇదే వరస. నాలుగేళ్ల డిగ్రీకి 2027 నుంచి 2030 దాకా మీ రిటర్న్‌లు చూస్తారు. అమ్మాలనే ఉంటే 2026 డిసెంబర్ లోపల అమ్మితే ఆదాయం లెక్క నుంచి తప్పించుకుంటారు. ఆస్తి లెక్క మాత్రం ఎలాగూ తప్పదు. మీరు ఉండే ఇల్లు ఫాఫ్సాలో అడగరు గానీ, ఇండియాలో ప్లాటు అయినా, అది అమ్మి బ్యాంకులో వేసుకున్న డబ్బు అయినా చూపాల్సిందే.

నిజం చెప్పాలంటే, రెండు ఐటీ జీతాలున్న ఇంటికి ఫెడరల్ గ్రాంట్ వచ్చే ఆశ తక్కువ. అలాంటప్పుడు ఈ తేదీ కోసం ప్లాటుని అయినకాడికి అమ్ముకోకండి. ముందు మీకు నచ్చిన కాలేజీల వెబ్‌సైట్లలో 'నెట్ ప్రైస్ క్యాలిక్యులేటర్' ఉంటుంది, అందులో మీ అంకెలు వేసి చూడండి. ఏదైనా వచ్చేలా కనపడితేనే 2026 గడువు గురించి ఆలోచించండి, రెండు దేశాల పన్నులూ తెలిసిన సీపీఏ అకౌంటెంట్‌తో మాట్లాడండి. గ్రాంట్ రాకపోయినా ఫాఫ్సా నింపడం మానకండి. మొదటి ఏడాది 5,500 డాలర్ల దాకా ఫెడరల్ లోన్ పిల్లాడి పేరు మీద దొరకాలంటే అది ఉండాలి. పేరున్న ప్రైవేటు కాలేజీల్లో ఇప్పుడు ఏడాదికి అన్నీ కలిపి 90 వేల డాలర్లు దాటినవి ఉన్నాయి. కాబట్టి ఏడాదికి మనం ఎంత పెట్టగలం అన్నది మీ ఇద్దరూ ఇప్పుడే తేల్చుకుని, పదకొండో గ్రేడ్‌లో వాడికి ఆ అంకె చెప్పేయండి. సీటు వచ్చాక 'మనవల్ల కాదు నాన్నా' అనడం కంటే అది నయం.

మీవాడు ఇక్కడ పుట్టాడు కాబట్టి ఎయిడ్‌కి మీ వీసా అడ్డురాదు. ఇది చదువుతున్న మిగతావాళ్లలో పిల్లలు హెచ్4 (ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్ల కుటుంబానికిచ్చే వీసా) మీద ఉన్నవాళ్లు ఉంటే, వాళ్లకి ఫెడరల్ ఎయిడ్ రాదు, ఇరవై ఒకటి నిండగానే ఆ స్టేటస్ కూడా పోతుంది. వాళ్లు తొమ్మిదో గ్రేడ్‌లోనే లాయర్‌ని ఒకసారి కలవడం మంచిది. అది వేరే ఉత్తరానికి సరిపడా విషయం.

వ్యాసాలు, రికమండేషన్ లెటర్లు, కాలేజీల లిస్టు, ఎర్లీ డెసిషన్‌ల (సీటిస్తే చేరతామని మాటిచ్చి ముందే అప్లై చేయడం) గోల, వీటిలో ఏదీ ఇప్పుడు ముట్టుకోవద్దు. కామన్ యాప్ మీవాడి బ్యాచ్‌కి 2028 ఆగస్టు 1న తెరుచుకుంటుంది. 650 పదాల వ్యాసం ఆ వేసవిలో మొదలుపెడితే చాలు. పద్నాలుగేళ్ల పిల్లాడి చేత పదిహేడేళ్ల వాడి జీవితానుభవం రాయించలేం కదా. లెటర్లు పదకొండో గ్రేడ్ టీచర్లని అడుగుతారు, ఆ ఏడాది మే నెలలో. కన్సల్టెంట్ ప్యాకేజీ అయితే వద్దనే నా మాట. పన్నెండులో వ్యాసం చదివి చెప్పే మనిషి కావాలనిపిస్తే అప్పుడు గంటల లెక్కన దొరుకుతారు.

ఇండియా టికెట్లు క్యాన్సిల్ చేయకండి. తొమ్మిదో గ్రేడ్ తర్వాత డబ్బు కట్టి చేరే సమ్మర్ ప్రోగ్రాంలు, పెద్ద యూనివర్సిటీ పేరున్నా సరే, చాలావరకు ఆ క్యాంపస్ గదుల్ని వేసవిలో అద్దెకిచ్చే ఏర్పాట్లే. వాటివల్ల అక్కడ సీటు రాదు. అమ్మమ్మ ఇంట్లో నెల రోజులుంటే వాడి తెలుగు చదవడం బాగుపడుతుంది, క్రెడిట్ పరీక్ష మీ డిస్ట్రిక్టులో ఉంటే అది కూడా కలిసొస్తుంది. అయితే బయల్దేరేలోపు ఒక పని ఉంది. ర్యాంకులో ఆర్కెస్ట్రాని ఎలా లెక్కిస్తారు, మ్యాథ్ వరస సరిగ్గా ఉందా, డిస్టింగ్విష్డ్ ప్లాన్‌లో ఉన్నాడా, తెలుగు పరీక్ష ఉందా అని కౌన్సెలర్‌కి చిన్న మెయిల్ పంపాలి. మీరు కాదు, మీవాడే రాయాలి. ఒక్కో కౌన్సెలర్‌కి 250 మంది పిల్లలకి మించకూడదని వాళ్ల జాతీయ సంఘమే చెబుతుంది గానీ, చాలా స్కూళ్లలో అంతకంటే ఎక్కువమందే ఉంటారు. కాబట్టి ఐదు లైన్లు దాటకుండా రాయమనండి. అదీ మే నెలలోనే పంపాలి. జూన్ వచ్చిందంటే స్కూల్ ఆఫీసులో జవాబిచ్చేవాళ్లు దొరకరు, మీరు ఇండియా నుంచి తిరిగొచ్చేసరికి షెడ్యూల్ ప్రింటైపోయి ఉంటుంది.